గ్లూటెన్ లేని చీజ్: గోదావరి డెల్టా వంటింట్లో ఎక్కడ వెతకాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి

ఇంట్లో ఒకరికి గోధుమ పడదని డాక్టరు తేల్చి చెప్పిన మరునాటి నుంచి ఆ ఇంటి వంటగదిలో ప్రతి డబ్బా మీదా అనుమానం మొదలవుతుంది. గోదావరి డెల్టా ఇళ్ళలో ఆ అనుమానం ముందుగా పడేది చీజ్ మీద. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, జున్ను తరతరాలుగా తెలిసిన సరుకులు కాబట్టి వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. చీజ్ మాత్రం పిల్లల కోసం ఇటీవల ఫ్రిజ్‌లోకి వచ్చిన వస్తువు, పైగా అది కనిపించేదంతా పిజ్జా మీదా బర్గర్‌లోనే కనుక, ఆ మైదాకూ దీనికీ ఏదో సంబంధం ఉందనిపించడం సహజమే. దాంతో కొందరు చీజ్‌ను పూర్తిగా మానేస్తారు. మరికొందరు ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న ముద్ర ఉన్న ప్యాకెట్ కోసం రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం దుకాణాలన్నీ తిరిగి, దొరికితే రెండింతల ధర పెట్టి కొంటారు. ఈ రెండు పనుల అవసరమూ చాలా ఇళ్ళలో లేదు. చీజ్‌లో స్వతహాగా గ్లూటెన్ ఉండదు. ఉంటే అది తరవాత కలిసినదే, కలిపే చోట్లలో ఎక్కువ భాగం మన వంటింట్లోనే ఉన్నాయి.

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే మాంసకృత్తుల సముదాయం. చపాతీ పిండి సాగడానికీ, పరోటా పొరలు చిరిగిపోకుండా ఉండడానికీ కారణం అదే. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో ఈ మాంసకృత్తి చిన్నపేగులోకి చేరగానే శరీర రక్షణ వ్యవస్థ పొరబడి సొంత పేగు గోడ మీదే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకోవడానికి ఆ గోడ మీద సన్నని వేళ్ళలా నిలబడి ఉండే చూషకాలు క్రమంగా అరిగి చదునైపోతాయి. విరేచనాలు, కడుపు ఉబ్బరం, ఎంతకీ తగ్గని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దాని ఫలితాలు. గోధుమకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని నిరూపించినవాడు విల్లెమ్ డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరకని రోజుల అనుభవం ఆయన అనుమానాన్ని బలపరిచింది. ఇప్పటికీ దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ లేని తిండి ఒక్కటే చికిత్స. ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. రక్త పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయించుకున్నాకే గోధుమ మానాలి. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ కనిపించక అసలు వ్యాధి తేలకుండా పోతుంది.

మన దేశంలో ఈ వ్యాధి ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో బాగా తక్కువ. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో కనిపిస్తే, దక్షిణాదిన పరీక్షించిన ప్రాంతంలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. ధవళేశ్వరం ఆనకట్ట కింద మూడుపూటలా వరి తిని బతికిన డెల్టాలో ఈ జబ్బు పేరు వినని ఇళ్ళే ఎక్కువగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ అరుదుతనమే ఇక్కడి రోగికి కష్టం తెచ్చిపెడుతుంది. చుట్టుపక్కల మరొకరు లేకపోవడం వల్ల ఏది తినవచ్చో, ఏది కూడదో అడగడానికి అనుభవమున్న మనిషి దొరకడు. షుగరు వచ్చిందని రాత్రిపూట అన్నం మాని చపాతీకి మారిన ఇళ్ళు పెరగడంతో, ఒకప్పుడు పండగకో పబ్బానికో కనిపించే గోధుమపిండి ఇప్పుడు ప్రతి వంటగదిలో రోజూ ఎగురుతోంది.

చీజ్ తయారీని చూస్తే భయం చాలావరకు తీరుతుంది. పాలను తోడువంటి సూక్ష్మజీవులతో పులియనిచ్చి, రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టించి, తేటను వార్చి, ఉప్పు పట్టించి నిలవ ఉంచితే చీజ్ అవుతుంది. ఈ వరుసలో ధాన్యానికి చోటే లేదు. గేదెకు గోధుమ పొట్టు పెడతారు కదా, ఆ గ్లూటెన్ పాలలోకి రాదా అని పాడి ఉన్న ఇళ్ళలో అడుగుతూంటారు. రాదు. వరిగడ్డి అయినా, తవుడైనా, గోధుమ పొట్టైనా పశువు కడుపులో జీర్ణమై ముక్కలు ముక్కలుగా విడిపోయాకే దాని ఒంటికి పడుతుంది. పాలకేంద్రంలో పోసే పాలలో గోధుమ మాంసకృత్తి ఉండదు. కాబట్టి ఏమీ కలపని చెడ్డార్, మోజరెల్లా, గౌడా, పన్నీర్ అన్నీ గ్లూటెన్ లేనివే. పచ్చని చారలుండే నీలి చీజ్ గురించి ఒక పాత భయం ఉంది. దానికి వాడే బూజును పూర్వం రొట్టె మీద పెంచేవారు. ఇప్పుడు చాలావరకు ప్రయోగశాలలోని ద్రవాల్లోనే పెంచుతున్నారు, ఎలాగూ మన ఊళ్ళలో అది వంటకు వాడేవారు లేరు కనుక దాన్ని అంతటితో వదిలేయవచ్చు.

అట్ట మీద చదవవలసినవి

దుకాణంలో దొరికే చీజ్ ముక్కలు, క్యూబులు, స్లైసులు చాలావరకు ప్రాసెస్డ్ చీజ్. అంటే తయారైన చీజ్‌ను కరిగించి, విడిపోకుండా కొన్ని లవణాలు కలిపి, మళ్ళీ అచ్చు పోసినది. కలిపిన పదార్థాలకు గుర్తుగా అట్ట మీద కనిపించే అంకెలు చూసి బెదిరిపోనక్కర్లేదు. 331 అంటే సోడియం సిట్రేట్, 339 సోడియం ఫాస్ఫేట్, 330 నిమ్మ ఉప్పు, 200 నిలవ కోసం వేసే సోర్బిక్ ఆమ్లం, 160బి జాఫ్రా గింజల రంగు. వీటిలో దేనికీ గోధుమతో పనిలేదు. తురిమి అమ్మే చీజ్‌లో ముద్ద కట్టకుండా సెల్యులోజ్, అంటే 460, గానీ బంగాళాదుంప పిండో మొక్కజొన్న పిండో గానీ చల్లుతారు, అవి తిన్నా ఫరవాలేదు.

కాస్త ఆగి చూడవలసింది 1400 నుంచి మొదలయ్యే అంకెలను. అవి మార్పు చేసిన పిండిపదార్థాలు. మొక్కజొన్న నుంచో, కర్రపెండలం నుంచో వచ్చినవైతే నిక్షేపంలా తినవచ్చు, గోధుమ నుంచి వచ్చినవైతే కూడదు. చీజ్ స్ప్రెడ్‌లు, సాసులు, చీజ్ రుచి మసాలా పొడులు, పాకంలా కారే చీజ్ డిప్పులు ఇలా ఆగి చూడవలసినవే. వీటిలో చిక్కదనం కోసం మైదా ఉండవచ్చు, రుచి కోసం మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ ఉండవచ్చు. ఇలాంటప్పుడు పదార్థాల వరుస కింద ఉండే ఎలర్జీ హెచ్చరిక పనికొస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతి విడిగా చెప్పి తీరాలి. అట్టలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, చదవడం అంతగా రాని పెద్దవారికి వీట్, బార్లీ, రై, మాల్ట్, సెమోలినా, గ్లూటెన్ అన్న ఆరు మాటల అక్షరరూపం ఒక కాగితం మీద రాసిచ్చి పర్సులో పెట్టడం మేలు. పచ్చ చుక్కను చూసి నిశ్చింతగా ఉండడం మాత్రం పొరపాటు. అది శాకాహారమని చెబుతుందే తప్ప గోధుమ లేదని చెప్పదు.

‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. మన దేశంలోనూ, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలోనూ అదే హద్దు. ఆ అంకె ఎంత చిన్నదో తెలిస్తే జాగ్రత్త ఎటువైపు ఉండాలో తెలుస్తుంది. సరిగ్గా ఆ హద్దు దగ్గర ఉన్న చీజ్‌ను 50 గ్రాములు తిన్నా కడుపులోకి వెళ్ళేది ఒక్క మిల్లీగ్రాము. సీలియాక్ రోగుల్లో ఎక్కువమంది రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు తట్టుకోగలరని వైద్యులు చెబుతారు. మైదాలో ఇంచుమించు పదోవంతు గ్లూటెన్ ఉంటుంది; అంటే ఆ 10 మిల్లీగ్రాములు రావడానికి 100 మిల్లీగ్రాముల పిండి చాలు. చిన్న చెంచాడు మైదాను ముప్పై భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. చపాతీలు ఒత్తిన పీట మీద, చేత్తో దులిపేశాక కూడా, అంతకంటే ఎక్కువే మిగిలి ఉండవచ్చు. ఆ పీట మీద చీజ్ తురిమితే, ఎంత ఖరీదు పెట్టి ముద్ర ఉన్న ప్యాకెట్ కొన్నా ప్రయోజనం లేదు.

విడిగా కోసి అమ్మే సరుకుతో వచ్చే చిక్కు కూడా ఇదే. డెల్టా పట్టణాల్లో పన్నీరు, చీజ్ స్లైసులు చాలాచోట్ల బేకరీలోనే దొరుకుతాయి. రొట్టె కోసిన కత్తితోనే పన్నీరు కోయడం, అదే గాజు బల్ల మీద తూచి కవరులో వేయడం అక్కడ మామూలు. మూసిన ప్యాకెట్ కొంచెం ఖరీదైనా దాన్నే కొనడం క్షేమం.

పాలు ఊళ్ళోనే ఉన్నప్పుడు

అన్నిటికంటే నమ్మదగిన దారి, డెల్టాకు అన్నివిధాలా అనువైన దారి, పాలు తెచ్చుకుని ఇంట్లో విరగగొట్టుకోవడం. ఇక్కడి పాడిలో గేదెలే ఎక్కువ. గేదె పాలలో వెన్న ఆవు పాలకంటే బాగా ఎక్కువ కావడంతో పన్నీరు తెల్లగా, మెత్తగా, ఎక్కువగా వస్తుంది. ఇటలీలోని కంపానియా ప్రాంతంలో అసలు మోజరెల్లా చేసేదీ గేదె పాలతోనే అన్న సంగతి ఇక్కడివారు గర్వంగా చెప్పుకోదగ్గది.

లీటరు పాలు పొంగు వచ్చాక మంట తీసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని అంతే నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. పాలు విరిగి, తేట లేత పచ్చగా మారిన క్షణంలో నిమ్మరసం పోయడం ఆపేయాలి. తేట ఇంకా తెల్లగా పాలలాగే ఉందంటే మరో చెంచా పడుతుందని అర్థం. పచ్చగా తేరాక కూడా పోస్తూ పోతే పన్నీరు గట్టిపడి రబ్బరులా సాగుతుంది. పలుచని గుడ్డలో వార్చి, చన్నీళ్ళతో ఒకసారి కడిగి, అరగంట సేపు బరువు కింద ఉంచితే సుమారు 200 గ్రాముల పన్నీరు వస్తుంది. ఇందులో గమనించవలసినవి రెండే. నిమ్మరసానికి బదులు పుల్లపెరుగు వాడవచ్చు గానీ మాల్ట్ వెనిగర్ వాడకూడదు, అది బార్లీ నుంచి తీసినది. రెండోది, వార్చే గుడ్డ కొత్తదై ఉండాలి. చపాతీ ముద్ద ఆరిపోకుండా కప్పిన గుడ్డను ఎంత ఉతికినా పోగుల మధ్య పిండి నిలుస్తుంది.

చీజ్‌కు తెలుగులో జున్ను అని నిఘంటువులు అర్థం చెబుతాయి. వంటకంగా రెండూ వేరు. గేదె ఈనిన తొలి రెండు మూడు రోజుల జున్నుపాలలో మామూలు పాలు, బెల్లం, మిరియాలు, యాలకుల పొడి కలిపి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చే జున్నుకు రెన్నెట్ అక్కర్లేదు, నిమ్మరసం అక్కర్లేదు, పిండి అసలే అక్కర్లేదు. ముర్రుపాలలోని మాంసకృత్తులే వేడికి గడ్డకడతాయి. గోధుమ పడని పిల్లవాడికి పుట్టినరోజున కేకు బదులు పెట్టదగ్గ తీపి ఇంతకంటే లేదు. జున్నుపాలు దొరకని రోజుల్లో మామూలు పాలతో చేసే నకిలీ జున్నులో మొక్కజొన్న పిండి వేస్తే ఫరవాలేదు. బయట కొనేటప్పుడు చిక్కదనానికి ఏం కలిపారో మాత్రం అడిగి తెలుసుకోవాలి.

బయట కొన్న పన్నీరులో పిండి కలిసిందని అనుమానం వస్తే ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. చిన్న ముక్కను నీళ్ళలో మరిగించి, చల్లార్చి, రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే, పిండి ఉన్నప్పుడు నీలిరంగు వస్తుంది. ఈ పరీక్ష పిండి ఉందని చెబుతుంది గానీ అది ఏ పిండో చెప్పదు. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం నుంచి సగ్గుబియ్యంతో పాటు తీసే గంజిపిండి కలిసినా నీలమే, మైదా కలిసినా నీలమే. మొదటిది కల్తీ మాత్రమే. రెండోది ఈ రోగికి విషం. కనుక నీలం కనిపించిన పన్నీరును ఏదైనా సరే పక్కన పెట్టేయడమే మంచిది.

పోపులడబ్బా, పిండి మర

చీజ్‌ను ఇంత జల్లెడ పట్టాక, దాన్ని వేసే కూరలోకి గోధుమ వచ్చిపడే దారి ఒకటి ఎవరూ ఊహించని చోట ఉంది. అది ఇంగువ. అసలు ఇంగువ ఘాటైన జిగురు ముద్ద. దాన్ని అలాగే వాడలేక, పిండితోనూ తుమ్మజిగురుతోనూ కలిపి కాంపౌండెడ్ ఇంగువగా అమ్ముతారు. ఆ పిండి చాలా రకాల్లో గోధుమపిండి లేదా మైదా. కొన్నిటిలో బియ్యప్పిండి ఉంటుంది. డబ్బా తిప్పి చూస్తే ఏదో ఒకటి రాసే ఉంటుంది. పన్నీర్ కూరకు పోపు పెట్టేటప్పుడు చిటికెడు ఇంగువ పడుతుంది. పప్పులో, పులిహోరలో, చారులో కూడా పడుతుంది. రోజుకు మూడుసార్లు పడే ఆ చిటికెళ్ళను కలిపి లెక్క వేస్తే ముందు చెప్పిన 100 మిల్లీగ్రాముల పిండి దాటడం ఏమంత కష్టం కాదు. చీజ్ మానేసినా కడుపు నొప్పి తగ్గలేదని బాధపడే ఇళ్ళలో మొదట తెరిచి చూడవలసింది ఫ్రిజ్‌ను కాదు, పోపులడబ్బాను.

రెండో దారి పిండి మర. చీజ్ సాసును చిక్కపరచడానికి మైదా మాని బియ్యప్పిండి వాడడం సరైన ఆలోచనే. కానీ ఆ బియ్యప్పిండిని ఎక్కడ ఆడించారన్నది ముఖ్యం. ఊళ్ళోని మరలో ముందువారు గోధుమలు పోసి వెళ్ళాక, అదే రాతి మీద మన బియ్యం పడితే, తొలి రెండు మూడు గుప్పిళ్ళ పిండి గోధుమతో కలిసే వస్తుంది. తెల్లని బియ్యప్పిండిలో సన్నని గోధుమరంగు నలుసులు కనిపించడం మరకు వెళ్ళే ఆడవారందరికీ తెలిసిన సంగతే. దాన్ని ఇంతకాలం ఎవరూ తప్పుగా అనుకోలేదు, అనుకోవలసిన అవసరమూ రాలేదు. బియ్యానికి వేరే రాయి ఉన్న మరను వెతుక్కోవాలి, లేదా బియ్యం కడిగి నానబెట్టి ఆరనిచ్చి ఇంట్లో మిక్సీలోనే పట్టుకోవాలి. చీజ్ సాసుకు కావలసింది కప్పు పాలకు ఒక చెంచా పిండే కాబట్టి మిక్సీ పని భారం కాదు.

ఆ సాసు చేసే తీరులో ఒక చిన్న మెళకువ ఉంది. బియ్యప్పిండిని చల్లని పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడే దాకా కలుపుతూ ఉండి, పొయ్యి కట్టేశాక తురిమిన చీజ్ వేయాలి. మంట మీదే వేస్తే చీజ్‌లోని నూనె విడిపోయి తీగలు తీగలుగా ముద్ద కడుతుంది.

చీజ్‌కు తోడుగా రొట్టే ఉండాలన్న నియమం ఏమీ లేదు. మినప్పప్పు, బియ్యపు రవ్వతో మూకుడులో మందంగా కాల్చే దిబ్బరొట్టె మీద చీజ్ తురిమి, మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచితే అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన చీజ్ కరిగి బుడగలు వస్తుంది. పిజ్జా అడిగే పిల్లలు దీన్ని కాదనరు. పెసరట్టులో పన్నీరు తురుము కూడా బాగా కుదురుతుంది. పెసరట్టులో ఉప్మా పెట్టే అలవాటు మాత్రం వదులుకోవాలి, ఎందుకంటే బొంబాయి రవ్వ గోధుమే. సేమియా కూడా గోధుమే. వీటి పేర్లలో గోధుమ అన్న మాట లేకపోవడం వల్ల జరిగే పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. డెల్టా తీపి వంటల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఆత్రేయపురం పూతరేకు బియ్యపు గంజితో తీసేది, తాపేశ్వరం మడత కాజా మైదాతో చుట్టేది. ఒకే డెల్టా సరుకులైనా ఒకటి ఈ ఇంట్లోకి రావచ్చు, రెండోది రాకూడదు.

ఇంత జాగ్రత్త పడినా, స్వచ్ఛమైన చీజ్ తిన్నాక కూడా కడుపు ఉబ్బి విరేచనాలు అయ్యేవారు కొందరుంటారు. అప్పుడు చీజ్‌లో గ్లూటెన్ ఉందన్న నిర్ణయానికి వచ్చేయడం తొందరపాటు. పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పుట్టేది పైన చెప్పిన చూషకాల కొసల్లోనే. వ్యాధి వల్ల ఆ కొసలు అరిగిపోయినప్పుడు, గ్లూటెన్ ఏమాత్రం లేని పాలు కూడా పడవు. గోధుమ పూర్తిగా మానేశాక పేగు గోడ నెలల తరబడి మెల్లగా కోలుకుంటుంది, దానితోపాటు పాలను అరిగించుకునే శక్తీ చాలామందిలో తిరిగి వస్తుంది. ఈ మధ్యకాలంలో పాలు, జున్ను తగ్గించి, సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేసిన పెరుగునూ, నిలవ ఉంచడంలో లాక్టోజ్ దాదాపు పోయిన పాత చెడ్డార్‌నూ కొద్దికొద్దిగా ఇచ్చి చూడవచ్చు. ఒక రోజు ఒక చెంచాడు తురుము, పడితే మూడు రోజుల తరవాత రెండు చెంచాలు, ఆపైన ఇంటి పన్నీరు చిన్న ముక్క. ఏ రోజు ఏది ఎంత తిన్నదీ, కడుపు ఎలా ఉన్నదీ క్యాలెండరు గడిలోనే రాసిపెట్టుకుంటే, మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితాన్నే తీసుకువెళ్ళవచ్చు.